బెంగ అనుకున్నారు

నేను ఒక ఇనుప గూడును. వెల్డింగ్ షాపువాడు నన్ను కోళ్ల కోసం చేశాడు. కాకినాడలో కామేశం గారి భార్య సువర్చలమ్మ కుందేలు కోసం కొనుక్కుంది. దాని పేరు దూది. నేను వచ్చిన రోజే ఆవిడ నా తీగల నేల మీద గోనెపట్టా పరిచింది. "కోడి కాళ్లు కావు ఇవి, పుళ్లు పడతాయి" అంది. అప్పటిదాకా నా నేల ఒకరిని నొప్పించగలదని నాకే తెలియదు.

రోజూ పొద్దున్నే కాలువగట్టు నుంచి గరిక కోసుకొచ్చి నా మూలన కుక్కేది.

"రోజూ గడ్డేనా పాపం?" అనేవారు కామేశం గారు.

"అదే దాని అన్నం. మీరు పెట్టేవన్నీ చిరుతిళ్లు."

కార్తీకంలో ఆవిడ పోయింది. ఆ తర్వాత దూదికి ప్రేమ ఎక్కువైంది. పెరుగన్నం, అరటిపండు, పాలలో నానేసిన బిస్కెట్లు. గడ్డి పెట్టడమంటే ఆయన లెక్కలో దాన్ని పస్తు పెట్టినట్టే.

నాలుగు నెలలకు దూది తినడం మానేసింది. గడ్డం కింద చొంగ. పక్కింటి మంగతాయారు ఉప్పూ మిరపకాయలతో దిష్టి తీసింది.

"పిన్నిగారి మీద బెంగెట్టేసుకుందండి బాబాయిగారూ. మీరు మాత్రం తింటన్నారా ఏంటి?"

ఆ మాట ఆయనకు ఎంత ఊరటో చూశాను. ఇంట్లో తనతోపాటు ఏడ్చే ప్రాణం ఇంకొకటి ఉంది. మనుషులు తమ దుఃఖాన్ని ఎవరి ముఖంలోనైనా చూసుకోగలరు, కుందేలు ముఖంలో కూడా. రెండు రోజులు ఇద్దరూ పస్తులున్నారు.

మూడో రోజు నన్ను ఆటోలో పశువుల ఆసుపత్రికి చేర్చారు. డాక్టరమ్మ దాని నోట్లోకి టార్చి వేసింది.

"గడ్డి పెట్టట్లేదా అండీ? నమిలితేనే పళ్లు అరుగుతాయి. ఇవి పెరిగి నాలుకను కోసేశాయి. ఆకలేస్తోంది దీనికి, తినలేకపోతోంది. ఒక్కపూట తినకపోయినా ఆ రోజే తేవాలి."

"ఇప్పుడు...?"

"అరగదీయాలంటే మత్తివ్వాలి. ఈ నీరసానికి తట్టుకోదండీ."

సాయంత్రం పోయింది, నా తీగల మీద కాదు, ఆయన ఒళ్లో. ఆ మాత్రం దయ దక్కింది.

ఇప్పుడు డాబా మీద తుప్పు పడుతున్నాను. మొన్న బట్టలారేయడానికొచ్చిన మంగతాయారు నన్ను చూసి నిట్టూర్చింది.

"ఎంత బెంగెట్టుకుందో కదండీ, పిచ్చిది!"

కామేశం గారు నా మూలన చిక్కుకున్న ఎండు గరికపోచను మెల్లగా లాగుతున్నారు.

"బెంగ నాదమ్మా," అన్నారు. "దానిది ఆకలి."