సోనిది ముప్పై, భానుది ఇరవై

భద్రాచలం రోడ్డు నుంచి లోపలికి, టేకు చెట్ల అంచున ఉన్న తండాలో కమ్లికి పొద్దున్నించి ముద్ద దిగడం లేదు. ఖమ్మంలో బొమ్మల వీడియోలు చేసే స్టూడియో ఒక్కరికే ఉద్యోగం ఇస్తుందట. సాయంత్రంలోగా వీడియో పంపాలి. తోడికోడలు రూప్లి కూతురు సోని నిన్ననే పంపేసింది. కమ్లి కూతురు భానుది ఇంకా లాప్‌టాప్‌లోనే ఉంది. అద్దాల లంగా కట్టిన పిల్ల గిర్రున తిరిగి ఆడే బొమ్మ అది.

బోరింగు దగ్గర రూప్లి కనబడగానే కమ్లి ఉండబట్టలేక అడిగింది.

"వీడియో కుదించేటప్పుడు ఏదో అంకె పెడతరంట గదా. మీ సోని ఎంత పెట్టింది?"

"ముప్పై అన్నదక్కా."

ఇంటికొచ్చి చూస్తే, లాప్‌టాప్‌లో ఆ అంకె దగ్గర భాను ఇరవై పెట్టి స్నానానికి వెళ్లింది. తన బిడ్డ సోని కంటే తక్కువా? కమ్లి ఇరవై చెరిపి నలభై కొట్టింది.

భాను తల తుడుచుకుంటూ వచ్చి, చూడకుండానే బటన్ నొక్కింది. వీడియో తయారయ్యాక ఆడించి చూస్తే లంగా మీది అద్దాలన్నీ బురద మరకల్లా అలుక్కుపోయి ఉన్నాయి.

"నలభై ఎవరు జేసిన్రు?"

"సోనిది ముప్పైనంట. నువ్వెందుకు తగ్గాలె?"

"మార్కులనుకున్నవా యాడీ?" అని తల్లిని అడిగింది భాను. "ఈ అంకె పెరిగిన కొద్దీ బొమ్మ నలుగుతది. తగ్గితేనే సాఫ్‌గ ఉంటది, ఫైలే బరువైతది."

"అంటే ఖరాబైందా? నౌకరి పోయినట్టేనా?"

"బొమ్మలన్నీ విడివిడిగ దాసిపెట్టిన. మళ్ల వీడియోగ మూట గడితే సాలు."

ఇరవైతో మూట కట్టేసరికి ఫైలు బరువెక్కింది. ఫోన్ సిగ్నల్‌కు కదలనే లేదు. తండాలో కేబుల్ నెట్ ఉన్నది ఒక్క రూప్లి ఇంట్లోనే. ఆ గడప తొక్కడానికి కమ్లికి ప్రాణం ఒప్పలేదు, అయినా తప్పక భాను వెంట వెళ్లింది. సోని ఏమైనా చెడగొడుతుందేమోనని చాపమీద కూర్చుని దాని వేళ్లనే కనిపెట్టుకుని ఉంది. సోని పాస్‌వర్డ్ కొట్టి ఇచ్చింది, అంతే.

"నెట్ ఇయ్యాల్నే వచ్చిందక్కా," అంది రూప్లి, తెరమీద మెరిసే అద్దాల నుంచి చూపు తిప్పుకోలేక. "నిన్న వచ్చుంటే మా సోనిది గూడ గిట్లనే మెరుస్తుండె."

ఫైలు వెళ్లిపోయింది. దారిలో కమ్లి అడుగు తేలికైంది. ముప్పై కంటే ఇరవయ్యే మంచిదన్న సంగతి నోట్లో బెల్లంముక్కలా చప్పరించుకుంటూ నాలుగడుగులు వేసి, ఠక్కున ఆగింది.

"ఇప్పుడు నెట్ ఉన్నది గదా. సోని గూడ ఇరవై పెట్టి మళ్ల పంపితే?"

"పంపుతది. నేనే దాని చెవుల చెప్పొచ్చిన," అంది భాను.