నా చేత్తో ఇవ్వలేని ఎకరం

రిజిస్ట్రేషన్ ఆఫీసులో ఆ రోజు నేను అరిచిన అరుపుకి పక్కనున్న జిరాక్స్ కొట్టువాడు కూడా బయటికొచ్చి చూశాడట. చూడనివ్వండి. ఇవ్వనని మొండికేస్తే కోర్టుకి లాగడం నాకు తెలుసు. ఇస్తానని నా కాళ్ళతో నేను నడిచి వెళ్తే వద్దని ఆపడం మాత్రం అరవై తొమ్మిదేళ్ళలో అదే మొదటిసారి చూశాను. అది కూడా నా సొత్తు కాదు. మా అక్క కూతురి భూమి, మా అక్క కూతురికే ఇస్తానన్నాను.

సంగతి మొదటి నుంచీ చెబుతాను. లేకపోతే ఆదిశేషమ్మకి నోరెక్కువ అన్న ఒక్క ముక్కే మీకు గుర్తుంటుంది.

మా నాన్న జయరామయ్యకి మేమిద్దరం ఆడపిల్లలం. అక్క పేరమ్మ, నేను. బోగోలుకి తూర్పున, బకింగ్‌హాం కాలువకి ఇవతల, ఆయనకి రెండెకరాల మాగాణి ఉండేది. మా వైపు పెళ్ళినాడు ఆడపిల్లకి పసుపు కుంకుమ కింద తండ్రి భూమి పెడతాడు. ఆ భూమికి ఒక మర్యాద ఉంది. తల్లి తర్వాత అది కూతురికే పోతుంది. మొగపిల్లలు అడగరు, అడిగితే ఊళ్ళో తలెత్తుకోలేరు. అక్కకి ఒక ఎకరం, నాకు ఒక ఎకరం అని నాన్న నలుగురిలో చెప్పాడు. కానీ పెళ్ళయిన ఆర్నెల్లకే మా బావకి పేకాట పిచ్చి ఉందని బయటపడింది. అక్క పేరున పెడితే ఆ ఎకరం ముక్కల్లో పోతుందని నాన్న భయపడి, రెండెకరాలూ నా పేరునే రాయించాడు. "పేరు నీది, పంట దానిది" అన్నాడు నాతో. అంతే, ఇంకో కాగితం లేదు.

దాని అవసరమూ రాలేదు. నలభై ఏళ్ళు కోత కాగానే అక్క వడ్లు అక్క ఇంటికి పోయాయి. మొదట్లో ఎద్దులబండి మీద, తర్వాత ట్రాక్టరు మీద. ఒక ఏడు తుపానుకి నా మడి పడిపోయింది, అక్క మడి నిలబడింది. ఆ ఏడు మేం బియ్యం కొనుక్కుని తిన్నాం గానీ ఆ వడ్ల మీద చెయ్యి వెయ్యలేదు. గొప్ప కోసం చెప్పడం లేదు, పసుపు కుంకుమ భూమి అంటే అంతే.

ఆరేళ్ళ కిందట అక్క పోయింది. పోయే ముందు, "నా పేరున లేదని నాకెప్పుడూ బాధ లేదు శేషా. బిందూ పేరున మాత్రం పెట్టెయ్" అంది. బిందు అక్కకి ఒక్కతే కూతురు. ఆస్ట్రేలియాలో ఆసుపత్రిలో రక్త పరీక్షలు చేసే ఉద్యోగం. కర్మలకి వచ్చి ఇరవై రోజులు ఉంది. అప్పటికి దాని చేతిలో మన పాస్‌పోర్టే ఉంది. ఆ ఇరవై రోజుల్లో ఒక పూట వెళ్ళి రాసేసి ఉంటే ఎవరూ ఏమీ అడిగేవాళ్ళు కాదు, అయిపోయేది. నేనేం చేశానో చెబితే మీరూ నన్ను తిడతారు. ముహూర్తం పెట్టమని అయ్యవారి దగ్గరికి పోయాను.

ఆయన పంచాంగం తిప్పి, శుక్ర మూఢం నడుస్తోంది, పైగా ఇంట్లో మైల, భూమి సంగతులు ముట్టుకోవద్దన్నాడు. సరే, మళ్ళీ వచ్చినప్పుడు చేద్దాంలే అన్నాను. మూఢమని నాట్లు ఆపుతామా? ఆపం. ఆపరేషన్ ఆపుతామా? అదీ ఆపం. ఒక్క సంతకానికి మాత్రం శుక్రుడు కనబడాలి! మంచిరోజు కోసం కూర్చున్నాను. అది రాకముందే కరోనా వచ్చింది. విమానాలు ఆగిపోయాయి. అవి మళ్ళీ లేచేసరికి బిందు ఆ దేశపు పౌరురాలైంది.

"ఉద్యోగం గట్టిపడాలంటే తప్పలేదు పిన్నమ్మా. మన దేశం రెండు పాస్‌పోర్టులు ఒప్పుకోదు, పాతది ఇచ్చేసినాను. దానికి బదులు ఇది ఇచ్చినారు" అని ఫోనులో చూపించింది. చిన్న పుస్తకం. ఓసీఐ కార్డు అంటారట. అది ఉంటే బతికినంత కాలం వీసా అక్కర్లేదట. అట్ట మీద మూడు సింహాల బొమ్మ, ఇండియా అని పేరు. ఇంకేం, మన పిల్ల మన పిల్లే అనుకున్నాను. సింహాలు వేసి మరీ ఇచ్చిన దాంట్లో మెలిక ఉంటుందని నాకెలా తెలుస్తుంది?

ఈ ఏడు తొందర పడింది మా అబ్బాయి గిరిబాబు వల్ల. వాడికి జువ్వలదిన్నె రోడ్డులో రొయ్యల మేత కొట్టు ఉంది. మా పొలానికి మూడు వైపులా రొయ్యల గుంటలు వచ్చేశాయి. వాటి ఉప్పునీరు లోపలికి ఊరడం వల్ల మా గట్టు పక్క రెండు సాళ్ళు ఎర్రబారుతున్నాయి. "మనమొక్కరమే వరి పెట్టి ఏం చేస్తామమ్మా, మనమూ గుంట తవ్విద్దాం" అని వాడు రోజూ నస. వాడు చెడ్డవాడు కాదు, కానీ వాడికి లోకమంతా రొయ్యే. నాకు వాడొక్కడే, నేను పోతే నా పేరున ఉన్నదంతా వాడిదవుతుంది. గుంట తవ్విన నేలలో మళ్ళీ వరి పండగా నేను చూడలేదు. బిందు ఏమో, ఇంకో ఐదారేళ్ళలో ఉద్యోగం చాలించుకుని వచ్చేస్తాను, అమ్మ మడి నేనే చేసుకుంటాను అంటుంది. అందుకే ఈసారి అది సెలవు మీద రాగానే, ముహూర్తం గిహూర్తం అనకుండా, తెల్లారి బస్సుకి బయల్దేరదీశాను.

దస్తావేజు రాసే చంద్రమౌళి మాకు ఎప్పట్నుంచో తెలుసు. దానపత్రం అంతా సిద్ధం చేసి పెట్టాడు. హద్దులు చదివి వినిపించాడు. చివర్లో, "ఏదీ, పాప కాగితాలు ఇయ్యి" అన్నాడు. బిందు ఆధార్, పాన్, దాంతోపాటు ఆ సింహాల పుస్తకం కూడా ఇచ్చింది. దాన్ని చూడగానే చంద్రమౌళి కళ్ళద్దాలు పైకి తోసుకుని, అటూ ఇటూ చూసి, పుస్తకాన్ని మెల్లిగా బిందు సంచిలోకి జారవిడిచాడు.

"ఇది బయట పెట్టబాకమ్మా. ఆధార్ ఉండాది, చాలు. పాస్‌పోర్టు సంగతి ఈడ ఎవురడగతారు?"

"అడిగితే?" అంది బిందు.

"అడగరంటుండా గదా!"

"అడక్కపోయినా సంతకం పెట్టేది నేనే గదన్నా. రేపు తెలిస్తే ఈ కార్డే రద్దు చేస్తారు. అమ్మ ఊరికి రావాలన్నా ఇంకొకరి దయ కోసం నిలబడాల్సొస్తది" అని అది తిన్నగా లోపలికి వెళ్ళి ఆఫీసరమ్మనే అడిగేసింది. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. ఇంత చదువు చదివి నోరు కట్టుకోవడం నేర్చుకోలేదు ఈ పిల్ల అని తిట్టుకుంటూ వెనకే వెళ్ళాను.

ఆఫీసరమ్మ చిన్న వయసుది. మర్యాదగానే మాట్లాడింది, అదే ఇంకా ఒళ్ళు మండించింది.

"ఓసీఐ వాళ్ళు వ్యవసాయ భూమి కొనకూడదమ్మా, దానంగా కూడా తీసుకోకూడదు. ఇల్లయితే ఇవ్వచ్చు, ఫ్లాటయితే ఇవ్వచ్చు."

"ఫ్లాటు యాడిదమ్మా నాకు? మడి ఉండాది. దీని తల్లి మడి."

"తల్లి పేరున ఉంటే వారసత్వంగా వచ్చేదే. కానీ మీ పేరున ఉంది కదా."

బావ చేతికి చిక్కకుండా నాన్న చేసిన తెలివైన పని, ఇవాళ మనవరాలి కాళ్ళకి అడ్డం పడింది. బావ పేకముక్కలు కూడా ఇంత పని చేసేవి కావేమో.

వెనక నుంచి చంద్రమౌళి సలహా ఇచ్చాడు. "పోనీ అక్కా, భూమి మార్పిడి చేయించి, రాళ్ళు పాతి, ఇళ్ళ స్థలం చేసెయ్. అప్పుడు నిక్షేపంగా రాసియ్యొచ్చు."

"అంటే వరి పండినంత కాలం ఈ పిల్ల పరాయిది, రాళ్ళు పాతితే మన పిల్లా?"

ఆఫీసరమ్మ నవ్వు ఆపుకుంది. "వీలునామా రాయండమ్మా. మీ తర్వాత ఆమెకి చెందుతుందని రాస్తే, వారసత్వంగా తీసుకోవచ్చు. దానికి అభ్యంతరం లేదు."

"నా తర్వాత అంటే?"

ఆమె బిందు వైపు చూసింది. బిందు నేల చూపులు చూస్తోంది.

"చెప్పమ్మా. అంటే నేను చస్తే ఇస్తారు, బతికుంటే ఇయ్యరు. అంతేనా? ఇదేం చట్టం! నా భూమిని నేను నా చేత్తో ఇయ్యడానికి పనికిరాను, నా శవం పనికొస్తదా?" అని అరిచాను. ఇదే జిరాక్స్ కొట్టువాడు విన్న అరుపు.

బిందు నా చెయ్యి పట్టుకుని వరండాలోకి లాక్కొచ్చింది. "నాకొద్దులే పిన్నమ్మా. వీలునామా రాయించుకుని పోవడమంటే నీ చావు కోసం కాసుకుని కూర్చున్నట్టు ఉంటది. నావల్ల కాదు" అని ఏడ్చింది. దాన్ని చూసి నాకు ఏడుపు రాలేదు, కోపమే వచ్చింది. మూఢం చెప్పిన అయ్యవారి మీద, అడిగిన నా మీద, పేకాట బావ మీద, సింహాల బొమ్మ మీద, అందరి మీదా వచ్చింది. కానీ కోపం ఎంత ఉన్నా ఎకరం గిరిబాబు గుంట కాకుండా ఆపాలంటే దారి అదొక్కటే. "రాయి చంద్రమౌళీ" అన్నాను. "నా చావు కాగితం రాయి."

సాక్షి కావాలంటే గిరిబాబుకే ఫోన్ చేశాను. దాపరికం ఎందుకు? వాడు మోటారు సైకిలు మీద వచ్చి, మొత్తం చదువుకుని, మారు మాట్లాడకుండా సాక్షి సంతకం పెట్టాడు. "పసుపు కుంకుమ భూమి నాకెందుకమ్మా, చెల్లెలిదే" అన్నాడు. నా కొడుకుని తప్పుగా అనుకున్నానని ఒక్క క్షణం సిగ్గుపడ్డాను.

ఆ సిగ్గు రోడ్డు దాకా కూడా ఉండలేదు. ఆటో కోసం నిలబడ్డప్పుడు వాడు మెల్లిగా అందుకున్నాడు. "నువ్వున్నంత కాలం నీదే గదమ్మా ఇప్పుడు? బిందూకి వచ్చేలోగా ఖాళీగా ఎందుకు? ఐదేళ్ళకి గుంట కోసం కౌలుకిద్దాం. తర్వాత దాని ఎకరం దానికి ఎకరంగానే అప్పజెబుతాం, ఎక్కడికీ పోదు."

"ఎకరం పోదు రా, వరి పోతది" అన్నాను.

"ఒప్పుకోకపోతే ఒప్పుకోబాక. నువ్వు మంచాన పడినాక ఎట్టాగూ నేనే గదా చూసుకునేది" అన్నాడు. బెదిరింపు కాదు, ప్రేమగానే అన్నాడు. బిందు పక్కనే నిలబడి వింది. కాదనడానికి దానికి హక్కు లేదు, ఆ సంగతి పొద్దున్నే అందరి ముందూ చెప్పేశారు కదా.

ఆటోలో కూర్చున్నాక గానీ నాకు పూర్తిగా అర్థం కాలేదు. ఆ మడి బిందుకి అందాలంటే నేను పోవాలి. ఆ మడి మడిగా ఉండాలంటే నేను పోకూడదు. మంచాన కూడా పడకూడదు. ఇంత వయసులో ఇలాంటి ఇరకాటంలో పెడతారా ఎవరైనా? డబ్బా మన చేతిలో పెట్టి, మూత మాత్రం తియ్యకూడదన్నట్టు ఉంది.

తిరిగి వెళ్ళే ముందు రోజు బిందు నా మందుల చీటీలన్నీ ముందేసుకుంది. దాని వృత్తే అది కదా, నా రక్తం తీయించి, బీపీ ఎక్కువ, షుగరు కూడా మొదలైందని తేల్చింది. ఏడు గదులున్న ప్లాస్టిక్ పెట్టె ఒకటి కొనుక్కొచ్చి, రోజుకొక గదిలో మాత్రలు సర్దింది. నేను గుమ్మంలో కూర్చుని చూస్తూ, నా నోరు ఊరుకుంటుందా, అనేశాను.

"ఏందే నీ పిచ్చి! ఇవి మింగితే నేను ఇంకో ఇరవై ఏళ్ళుంటా. నీకు భూమి ఎప్పుడొచ్చేట్టు?"

అది తలెత్తలేదు. శనివారం గదిలో మాత్రలు రెండుసార్లు లెక్కపెట్టింది. తర్వాత, "రోజూ పొద్దున ఏడింటికి ఫోన్ చేస్తా. నా ముందర మింగాల" అంది.

అన్నట్టే చేస్తోంది. మూడు నెలలయింది, ఒక్క రోజు తప్పలేదు. ఫోన్ పట్టుకుని నేను పొలం గట్టుకి పోయి మాట్లాడతాను. నాట్లు పడ్డాయని చూపిస్తాను. "మడి తర్వాత చూస్తాలే, ముందు మాత్ర" అంటుంది. వారసురాలు దగ్గరుండి మందు మింగిస్తోందని పక్క పొలం వాళ్ళు నవ్వుతున్నారు. నవ్వుకోనివ్వండి. నాకు మాత్రం ఆ మాత్ర గొంతులో దిగేటప్పుడల్లా ఒళ్ళు మండిపోతుంది. ఇంకో రోజు వరి కాపాడానని సంతోషపడాలా, బిడ్డకి ఇంకో రోజు అడ్డంగా కూర్చున్నానని ఏడవాలా? ఏ ఆఫీసులో అడగాలో తెలియడం లేదు.

"మింగినావా పిన్నమ్మా?" అంటుంది అది.

నోరు తెరిచి చూపిస్తాను.