జాకెట్టు గుడ్డ లేని చీర

హారతికి ఏదైనా పని మీద మనసు పడిందంటే అది పూర్తయ్యేదాకా ఇంట్లోవాళ్ళకి వేళకి అన్నం ఉండదు. ఈసారి మనసు పిన్ బోర్డు మీద పడింది. కొవ్వూరులో కొత్త ఇల్లు కట్టుకుని ఏడాది దాటిందో లేదో, కొడుకు మణిదీప్ వేసిన బొమ్మలతో హాలు గోడ నిండిపోయింది. అంటించిన టేపు పీకినప్పుడల్లా దాంతోపాటు రంగూ ఊడి వస్తోంది. ఫోన్‌లో ఎవరో అట్ట మీద గుడ్డ బిగించి బోర్డు చేస్తుంటే చూసి, ఈమాత్రం మనం చెయ్యలేమా అనుకుంది.

అట్టా, థర్మోకోలూ ఫ్రిజ్ వచ్చిన పెట్టెలోవే. మెత్తగా ఉండడానికి స్పాంజి షీటూ, వెనక పిన్నులు కొట్టే పెద్ద స్టాప్లరూ భర్త సత్యప్రసాద్ ధవళేశ్వరంలో ఆఫీసు అయ్యాక రాజమండ్రిలో దిగి కొనుక్కొచ్చాడు. ఇక గుడ్డ ఒక్కటే తక్కువ. హారతి బీరువాలో కింది అర తెరిచింది.

అది పెట్టుబడి చీరల అర. పెట్టుబడి చీరంటే కట్టుకోవడానికి కాదు, పెట్టడానికి. ఒకరు పెడతారు, పుచ్చుకున్నవాళ్ళు ఇంకొకరికి పెడతారు. అలా ఊళ్ళు తిరిగి తిరిగి ఒక్కోసారి మొదట కొన్నావిడ దగ్గరికే చక్కా వస్తాయి. ఆవిడ కూడా గుర్తుపట్టనట్టే నవ్వుతూ పుచ్చుకుంటుంది.

ఆ దొంతరలో ఆవపువ్వు రంగు నేత చీర ఒకటి తగిలింది. సన్నటి ఆకుపచ్చ గళ్ళు. గృహప్రవేశానికి తోటికోడలు వీరవేణి పెట్టిన చీర అది. ఆ రోజు కవరు విప్పి చూసి హారతి మొహం ముడుచుకుంది. చీరకి జాకెట్టు గుడ్డ లేదు. మడతలు కూడా షాపు మడతలు కావు, ఇస్త్రీ మడతలు. ఎవరో కట్టి విడిచిన చీర తెచ్చి మన మొహాన కొట్టిందని ఆ రాత్రి భర్త దగ్గర అక్కసంతా వెళ్ళగక్కింది. పట్టిసీమ అవతల పల్లెలో అన్నయ్య పల్లంరాజు వ్యవసాయం అంతంతమాత్రమేనని, వదినకి ఎక్కణ్ణుంచి వస్తాయని సత్యప్రసాద్ నసిగాడు. లేకపోతే మానెయ్యాలిగాని ఇదేంటని అతని నోరు మూయించింది.

ఇప్పుడు ఆ చీరని నేల మీద పరిచింది. గళ్ళు తిన్నగా ఉన్న చోటు చూసుకుని, నట్టనడుమ కత్తెర పెట్టింది. పాపం అనిపించలేదు సరికదా, ఇన్నాళ్ళకి దీనికో ఉపయోగం దొరికిందని సంతోషపడింది. గుడ్డ లాగి వెనక్కి మడిచి పిన్నులు కొడితే మొదటిసారి గళ్ళు వంకర పోయాయి. అన్నీ పీకి, రెండు పక్కలా సమంగా లాగి, మూలలు దుప్పటి మడిచినట్టు మడిచి మళ్ళీ కొట్టింది. పైన ఐమూలగా రిబ్బన్లు వేసి, అవి కలిసిన చోటల్లా గుండీ కుట్టింది. గోడకి తగిలించాక నిజంగానే చూడముచ్చటగా ఉంది. మిగిలిన గుడ్డలో ఒక ముక్క వంటింట్లో మసిగుడ్డ అయింది.

ఆ ఆదివారం చర్చి నుంచి ఇంటికి వెళ్తూ హెలెన్ మేడమ్ బోర్డు చూడ్డానికి వచ్చింది. ఆవిడా హారతీ ఒకే స్కూల్లో టీచర్లు. ఆవిడ ఇంకా కూర్చోకుండానే గేటు చప్పుడైంది. కొత్తావకాయ జాడీ చంకనెట్టుకుని వీరవేణి లోపలికి వచ్చింది.

వీరవేణి మామూలు ఆకుపచ్చ చీర కట్టుకుంది. జాకెట్టు మాత్రం ఆవపువ్వు రంగు, సన్నటి ఆకుపచ్చ గళ్ళు.

హారతి చూపు జాకెట్టు మీంచి బోర్డు మీదికి వెళ్ళింది. వీరవేణి బోర్డు వంక ఒక్కసారి చూసింది. చూసి, ఎండలో వచ్చాను మంచినీళ్ళు తాగుతానంది. మీరు మాట్లాడుకోండి, టీ నేను పెడతానని వంటింట్లోకి వెళ్ళిపోయింది. వద్దక్కా అని వెంటపడాలని ఉంది హారతికి. మసిగుడ్డ పొయ్యి పక్కనే ఉంది. కానీ హెలెన్ ముందు లేవడానికి సాకు దొరకలేదు.

హెలెన్ బోర్డు మీద చెయ్యి వేసి నిమిరింది. ఈ గుడ్డ ఎక్కడ దొరికిందని అడిగింది.

"రాజమండ్రిలో అండి," అంది హారతి. "కట్‌పీసుల షాపులో."

తలెత్తేసరికి వీరవేణి టీ కప్పులతో గుమ్మంలో నిలబడి ఉంది.

హెలెన్‌కి అప్పుడే కనబడింది. మీ జాకెట్టూ అదే గుడ్డ కదండీ అని నవ్వింది. హారతికి భూమిలోకి కుంగిపోతే బావుండుననిపించింది. వీరవేణి ఏమంటుందో, ఎంత అన్నా పడాల్సిందేనని తల వంచుకుంది.

"అవునండి," అంది వీరవేణి, కప్పు అందిస్తూ. "నేనూ అక్కడే తీసుకున్నాను."

హెలెన్ వెళ్ళాక హారతి వంటింటి గుమ్మం దగ్గర నిలబడింది. వీరవేణి ఆవకాయ సీసాలోకి తీస్తోంది. మసిగుడ్డ ఉతికి, నాలుగు మడతలు వేసి గట్టు మీద పెట్టి ఉంది. అక్కా, నేను చూసుకోలేదు అని హారతి ఏదో మొదలుపెట్టింది. చూసుకునే కత్తిరించానని తనకి తెలుసు.

"నీదేం తప్పు లేదు హారతీ," అంది వీరవేణి గరిట ఆపకుండా. "మీ గృహప్రవేశానికి ముందు, శివరాత్రి తీర్థంలో నా కొంగు పట్టుకుని, అక్కా ఎంత బావుందో ఈ చీర, నాకిచ్చెయ్యండి అన్నావు. నేను కట్టింది అదొక్కసారే. జాకెట్టేమో అప్పటికే కుట్టించేశాను, అది నీకు పట్టదు. అందుకని చీర ఒక్కటీ తెచ్చాను."

హారతి గుర్తు తెచ్చుకోబోయింది. గుర్తు రాలేదు. అలాంటి మాట ఆమె కనబడిన చీరకల్లా అంటుంది. స్టాఫ్ రూములో రోజూ ఎవరో ఒకరితో అంటూనే ఉంటుంది. విన్నవాళ్ళు నవ్వి ఊరుకుంటారు. ఈవిడ ఒక్కర్తే నమ్మింది. నమ్మి, ఉన్నవాటిలో మంచిది ఉతికి ఇస్త్రీ చేయించి తెచ్చింది. దానికి తను ఇంట్లో ఏ పేరు పెట్టిందో తలుచుకుంటే హారతి చెవులు కాలిపోయాయి. తిట్టినా బావుండును, ఈవిడ తిట్టదు కూడా.

వీరవేణి బయల్దేరేటప్పుడు హారతి ఆవిడకి బొట్టు పెట్టి, తన పట్టుచీరల్లోంచి ఒకటి, దాని జాకెట్టు గుడ్డతో సహా తెచ్చి చేతుల్లో పెట్టింది. వీరవేణి జాకెట్టు గుడ్డ తీసుకుని కళ్ళకద్దుకుంది. చీర వెనక్కి ఇచ్చేసింది.

"ఇది నువ్వు కట్టుకునేది కదమ్మా. కట్టుకునేవి ఒకరికి ఇవ్వకూడదు. నాకు తెలీక ఇచ్చాను."

ఎత్తిపొడుపు ఏమైనా ఉందేమోనని హారతి ఆవిడ మొహంలోకి చూసింది. లేదు. నిజంగానే ఒక విషయం కొత్తగా నేర్చుకున్నట్టు చెప్పింది.

బస్టాండులో ఇక ఉండబట్టలేక, రేపు స్కూల్లో హెలెన్‌కి నిజం చెప్పేస్తానంది హారతి. ఆ మాట అన్నాక కాస్త ఊపిరి ఆడింది. వీరవేణి కంగారుపడి చెయ్యి పట్టుకుంది.

"వద్దమ్మా. నేను అబద్ధమాడానని ఆవిడకి తెలిసిపోతుంది. నన్నేమనుకుంటారు?"

పోలవరం బస్సు వచ్చింది. వీరవేణి ఎక్కి, కిటికీలోంచి ఆవకాయలో తడి గరిట పెట్టొద్దని మళ్ళీ చెప్పింది.

మర్నాడు స్టాఫ్ రూములో, కర్టెన్లకి బావుంటుంది, ఆ షాపు ఎక్కడో కాస్త చెప్పండి అని హెలెన్ అడిగింది. హారతి చెప్పింది. ఏ సందులోకి తిరగాలో, ఏ పక్కన ఉంటుందో కూడా చెప్పింది.