సలోమి రీలు

ఎదురుగా తెర మీద బొమ్మ కదిలితే తప్ప ఆశీర్వాదం పియానో మోగడం లేదు. మరమ్మతుకు వచ్చినవాడు మూత తెరిచి చూసి, సినిమాలకు అలవాటుపడ్డ పియానోలు అంతేనని చెప్పి, కాఫీ తాగి వెళతాడు.

ఒకప్పుడు ఆశీర్వాదం మద్రాసు హోటల్లో జాజ్ వాయించేవాడు. ముగింపు ఎరగని చేతులవి. పాట అయిపోయిందనుకున్న చోట కొత్త దారి పట్టేవి. వంటింటి తలుపు దగ్గర నిలబడి వినీ వినీ సలోమి అతన్ని పెళ్లాడింది. తర్వాత కోడంబాకం పిలిచింది. కడుపు నిండింది, చేతులు బుద్ధిగా కుదురుకున్నాయి. తల్లి చచ్చిపోయే రీలు ఉంటే ఆశీర్వాదమే కావాలంటారు. దర్శకుడు చెయ్యెత్తితే చాలు, ఆఖరి శ్వాస మీద ఆఖరి స్వరం పడుతుంది.

ఇప్పుడు సలోమికే జబ్బు. ఆ హోటల్ పాట సాగినంతసేపూ ఆమె బతుకుతుందని డాక్టరు చెబుతాడు. పాట మోగాలంటే బొమ్మ కావాలి కదా. దర్శకుడు పానకాలు తన రికార్డింగ్ థియేటరు ఇస్తాడు. ఆమెను మంచంతో సహా మోసుకెళ్లి తెరలోకి ఎక్కిస్తారు. తెర చల్లగా ఉందని ఆమె దుప్పటి అడుగుతుంది.

ఆశీర్వాదం మొదలుపెడతాడు. పాత దారులు ఒక్కొక్కటే గుర్తొస్తాయి. సలోమి బుగ్గల్లోకి రంగు వస్తుంది. సంతోషంతో అతనికి ఏడుపొస్తుంది. ఇలా ఏళ్ల తరబడి వాయించగలననుకుంటాడు.

“బాగుందండీ,” అంటుంది తెరలోంచి. “ఆపకండేం.”

పక్కన నిలబడ్డ పానకాలు చెయ్యెత్తుతాడు.

పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గాని పోదంటారు. కోడంబాకంలో నేర్చిన బుద్ధి అంతకన్నా గట్టిది. ఆశీర్వాదం వేళ్లు ఆఖరి స్వరం మీద చక్కగా వాలతాయి. ఇంత కచ్చితంగా ఎన్నడూ పడలేదు. సలోమి శ్వాస అక్కడే ఆగుతుంది.

“దోమండీ ఆశీర్వాదంగారూ,” అంటాడు పానకాలు మెల్లగా. “దోమను తోలాను.”

తెర తెల్లబోయి ఉంది. ఆశీర్వాదం మెట్లన్నీ నొక్కుతాడు, ఒక్కటీ పలకదు. కట్టుకున్నదాన్ని చేజేతులా చంపుకున్నాడు. అది అతనికి తెలుసు.

పియానోలో ఏదో కదిలితే మూత ఎత్తి చూస్తాడు. ఇన్నేళ్లుగా అతను వాయించి సాగనంపిన తల్లులందరూ, ముఖాన రంగు తుడుచుకోకుండా, తీగల మీద వరసగా పడుకుని ఉన్నారు.

“మాస్టారి ఇంటావిడ వచ్చింది,” అంటుంది అందరికన్నా ముందు పోయినావిడ. “కాస్త సర్దుకోండమ్మా.”

వాళ్లు పక్కకు జరుగుతారు. సలోమి మధ్యలో పడుకుంటుంది. పక్కావిడ ఆమె జుట్టు విప్పి, చిక్కు తీసి, పియానో తీగలతో కలిపి జడ అల్లుతుంది. జడ బిగిసేకొద్దీ ఆశీర్వాదం వేళ్లు ఒక్కొక్కటే పియానోలోకి ఈడ్చుకుపోతున్నాయి.