ఎడమకి లాగిన లారీ

నేను ఒక గేమ్ కంట్రోలర్‌ని. పేరు వినగానే ముఖం అలా పెట్టకండి. టీవీ తెర మీద బొమ్మ బండ్లు పరుగెత్తాలంటే మీ రెండు చేతుల్లో నేనుండాలి. నల్లటి ఒళ్ళు, ఒంటినిండా బొత్తాలు, బొటనవేళ్ళ కింద చెరో గుండ్రటి మీట. మీట ఎటు నొక్కితే తెర మీద బండి అటు తిరుగుతుంది. సముద్రానికి అవతల ఏదో ఫ్యాక్టరీలో పుట్టాను. అక్కడొక పిల్ల నా మీటలు రెండూ నాలుగు వైపులా తిప్పి చూసి, బాగానే ఉన్నానని తలూపి పెట్టెలో పెట్టింది. ఈ సంగతి గుర్తుంచుకోండి. తరవాత నా మీద పడ్డ నిందకి ఆ పిల్ల ఒక్కతే సాక్షి. ఆవిడేమో తణుకు రాదు.

నేను మాత్రం వచ్చాను. ఓడలెక్కి, లారీలెక్కి తణుకులో హైమ ఎలక్ట్రానిక్స్ అద్దాల బీరువాలో తేలాను. కొట్టు యజమాని వెంకటరత్నం. తల్లి చిన్నప్పుడే పోతే ముద్దలు కలిపి పెట్టి పెంచిన అక్క హైమావతి పేరే కొట్టుకి పెట్టుకున్నాడు. ఆ అక్కగారి భర్త చిదంబరంగారే నన్ను కొన్నారు. నా ఖర్మ అక్కడే మొదలైంది.

చిదంబరంగారు తూనికలు కొలతల శాఖలో ఇన్‌స్పెక్టరు. ముక్కుసూటి మనిషి. ఆఫీసులో దొంగ తూకాలు పట్టుకునే చెయ్యి ఇంటికొచ్చాక మాత్రం ఎందుకు ఊరుకుంటుంది? కొన్న ప్రతి వస్తువు మీదా ఇంటర్నెట్లో నిజాయితీగా అభిప్రాయం రాసి, అయిదింట ఇన్నని నక్షత్రాలు వేస్తారు. కొత్త మిక్సీ గురించి, “మెత్తగానే రుబ్బుతుంది, కాని ఆ చప్పుడుకి మా ఇంట్లో ఏ పచ్చడో పక్క వీధివాళ్ళు చెప్పగలుగుతున్నారు, మూడు” అని రాశారు. అడుగులు లెక్కపెట్టే చేతి గడియారం గురించి, “నేను నడిస్తే పడుకున్నానంటుంది, పడుకుంటే నడిచానంటుంది, మా ఆఫీసులో అయితే ఈపాటికి సస్పెండయ్యేది, ఒకటి” అన్నారు. ఊళ్ళో వాళ్ళకి ఆయన రాతంటే గురి. చిదంబరంగారు మూడు వేస్తే చాలు, కళ్ళు మూసుకుని కొనేసేవారు. ఆయన అయిదు వేయడం ఎవరూ చూడలేదు.

అలాంటి మనిషికి ఆటలెందుకంటారా? మోకాళ్ళు అరిగాయి, సాయంత్రం షికార్లు మానేశారు. కాలక్షేపానికి టీవీలో లారీ నడిపే ఆటకి మరిగారు. నిజం లారీ మాట అటుంచండి, ఆయనకి స్కూటరు కూడా రాదు. ఎక్కడికెళ్ళినా హైమావతిగారు నడిపితే వెనకాల సంచీ పట్టుకుని కూర్చుంటారు. అందుకే నన్ను చేతిలోకి తీసుకుని చెరుకు లోడు లారీని కాలవగట్టు మీద పోనిస్తుంటే ఆయన మొహం చూడాలి. పక్కనే హైమావతిగారు చిక్కుడుకాయలు ఈనెలు తీస్తూ కూర్చునేవారు. గేదె అడ్డమొచ్చిందనీ హారను కొట్టమనీ చెప్పేవారు. ఇంట్లో ఆయన నడపడం, ఆవిడ పక్కన కూర్చోవడం ఆ ఒక్క గంటే. ఆ గంట కోసమే ఆవిడ వంట పెందరాళే ముగించేవారు. నాకు ఆ ఇల్లు నచ్చింది.

ఇంతలో దసరా వచ్చింది. ఆయుధపూజనాడు మనవాళ్ళ సంగతి మీకు తెలిసిందే. ఫ్రిజ్జుకి బొట్టు, ఫ్యానుకి బొట్టు, స్కూటరుకి దండ, కుక్కరుకి కూడా కుంకం. చిదంబరంగారు అన్నిటికీ తన చేత్తోనే పెట్టి నా దగ్గరకొచ్చారు. కొత్తవాణ్ణి కదా, మర్యాద కొంచెం ఎక్కువైంది. ఎడమ మీట మీద గంధం దిట్టంగా అద్దారు. అది కారితే బొటనవేలితో సర్దారు. సర్దడంలో మీట ఒరిగింది, సందు తెరుచుకుంది, గంధం లోపలికి జారింది. దాని మీద కుంకం. ఆపైన అక్షింతలు చల్లి కళ్ళు మూసుకుని దణ్ణం పెట్టారు. ఒక గింజ సరిగ్గా ఆ సందులో పడి గంధంలో అతుక్కుపోయింది. అరుద్దామంటే నాకు నోరు లేదు. ఉన్న శక్తంతా కూడగట్టుకుని ఓసారి వణికితే, చూశావా, సంతోషిస్తోంది అని హైమావతిగారితో అన్నారు.

మర్నాటి నుంచి లారీ ఎడమకి లాగడం మొదలుపెట్టింది. కాలవ ఉన్నది ఎడమవైపే. ఆయన కూర్చునే చోటు మార్చారు, బ్యాటరీలు మార్చారు, కళ్ళజోడు మార్చారు. లారీ మాత్రం మారకుండా చెరుకుతో సహా కాలవలో దిగుతూనే ఉంది. కొట్టుకి తీసుకెళ్తే రత్నం ఒక్క మాట అడక్కుండా ఇంకోటి ఇవ్వబోయాడు. బావగారు ఒప్పుకోలేదు. బావమరిది కొట్టు కాబట్టి తనకి మార్చి ఇస్తారు, ఊరివాళ్ళ సంగతేమిటని అక్కడే నిలదీశారు. ఇంటికొచ్చి నన్ను ఒళ్ళో పెట్టుకుని మరీ రాశారు. “దీని లారీ దానంతటదే కాలవలోకి పోతుంది. అమ్మినవాడు నా బావమరిది. చుట్టరికం వేరు, సరుకు వేరు. ఒక్క నక్షత్రం, అదీ అట్టపెట్టె బాగుందని.”

రాసినంతసేపూ ఆయన చేతికి చెమట పట్టలేదు. అంత నమ్మకం మనిషికి తన మీద. నేనేమో లోపల గింజ మింగలేక, కక్కలేక చచ్చిపోతున్నాను.

ఊరంతా ఆ రాత చదివింది. దీపావళి బేరాలకి వచ్చినవాళ్ళు, మీ బావగారే ఇలా రాశారేమిటండీ అని రత్నాన్ని అడిగి, నవ్వి, ఎదురు కొట్టుకి వెళ్ళారు. రత్నం బావగారిని ఏమీ అనలేదు. అక్కకి ఫోను చేసి, ఈ ఏడు విదియ భోజనానికి తను రాలేనన్నాడు. దీపావళి వెళ్ళిన విదియనాడు అన్నదమ్ములు అక్కచెల్లెళ్ళ చేతి అన్నం తినడం ఆనవాయితీ. రత్నానికి ఊహ తెలిసిన దగ్గర్నుంచి అక్క ఆ భోజనం తప్పించలేదు. జ్వరమొచ్చిన ఏడు కూడా లేచి వండింది. ఆవిడ ఫోను పెట్టేసి, అట్లకాడ తీసుకుని వంటింట్లోకి వెళ్ళిపోయారు. ఆ సాయంత్రం చిక్కుడుకాయలు వంటింట్లోనే ఈనెలు తీసుకున్నారు. గేదె అడ్డమొచ్చినా చెప్పేవాళ్ళు లేరు. చిదంబరంగారు కాసేపు ఒక్కరే నడిపి, లారీ కాలవలో పడకముందే టీవీ కట్టేశారు.

దీపావళి ముందు బూజులు దులుపుతూ హైమావతిగారు నన్ను ఎత్తారు. గుడ్డతో తుడవబోయి ఆగారు. ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూశారు. పండగకి తన చేత్తో అరగదీసిన గంధం వాసన ఆవిడకి తెలియకపోతే ఎవరికి తెలుస్తుంది? మీటని పక్కకి ఒరిగించి, మెళ్ళోంచి పిన్నీసు తీసి నెమ్మదిగా కెలికారు. హమ్మయ్య. పచ్చటి గింజ ఒకటి ఆవిడ అరచేతిలో పడింది. ఆవిడ దాన్ని స్టీలు పళ్ళెంలో పెట్టి, పేపరు చదువుతున్న భర్త ముందుంచారు.

“ఇది రత్నం అమ్మింది కాదండీ. మీరు వేసిందే.”

చిదంబరంగారు గింజని చూశారు, మీటని చూశారు, తన బొటనవేలు చూసుకున్నారు. రాసింది తీసేస్తానని చివరికి గొణిగారు. తీసేస్తే చదివినవాళ్ళు చదివినట్టే ఉంటారని ఆవిడ అన్నారు. అందరి సరుకు గురించీ నిజం రాసే మనిషి తన గురించి కూడా రాయచ్చు కదా అని అడిగారు. ఆయన నన్ను ఆన్ చేసి చూద్దామంటే పడనివ్వలేదు. రత్నం వచ్చాక వాడి కళ్ళ ముందే చూద్దామని పాత రుమాల్లో చుట్టి బీరువాలో పెట్టారు.

ఆ రుమాల్లోంచే విన్నాను, ఆయన పైకి చదువుకుంటూ రాయడం. “పూజ చేసి యంత్రం గొంతులో అక్షింత పోసింది నేను. సరుకులో లోపం లేదు. దీనికి అయిదు. కొన్నవాడికి ఒకటి, అదీ వాడి భార్యని చూసి.” అంతటితో ఊరుకోలేదు. ఆ గింజని కాగితంలో పొట్లం కట్టుకుని, ఆవిడ స్కూటరు వెనకాల ఎక్కి కొట్టుకి వెళ్ళారు. నన్ను తీసుకెళ్ళలేదు గాని, తిరిగొచ్చి ఆవిడ ఎదురింటి వాళ్ళకి చెప్తుంటే విన్నాను. బేరగాళ్ళందరి ముందూ పొట్లం విప్పి చూపించారట. తప్పు తనదేనని అన్నారట. రత్నం ఆ పొట్లాన్ని అందుకుని జేబులో పెట్టుకున్నాడట. వస్తాననీ అనలేదు, రాననీ అనలేదట.

విదియనాడు హైమావతిగారు కంద బచ్చలి కూర, పులిహోర, పూర్ణం బూరెలు చేసి, అరిటాకు వేసి గుమ్మం వైపు చూస్తూ కూర్చున్నారు. నేను ఓరగా తీసిన బీరువాలో రుమాలు చిరుగులోంచి చూస్తూ, చిదంబరంగారు వరండాలో. ఇద్దరికీ కాలు నిలవడం లేదు, నాకైతే కాలే లేదు. పొద్దు నడినెత్తి దాటాక రత్నం వచ్చాడు. అక్క కాళ్ళకి దణ్ణం పెట్టి ఆకు ముందు కూర్చున్నాడు. మొదటి ముద్ద అక్క కలిపి నోట్లో పెడితే కళ్ళు తుడుచుకున్నాడు. కారం ఎక్కువైందన్నాడు. ఆ కూరలో కారం లేదు.

చేతులు కడుక్కున్నాక అందరూ టీవీ ముందు చేరారు. నన్ను రుమాల్లోంచి తీశారు. లారీ కదిలింది. హైమావతిగారు తాంబూలం పళ్ళెం ఒళ్ళో పెట్టుకుని, ఎప్పటిలాగే భర్త పక్కన కూర్చున్నారు. ఇక్కడొక సంగతి చెప్పాలి. గింజ అయితే పోయింది గాని ఎండిన గంధం పెచ్చు ఒకటి నా లోపల ఇంకా ఉంది. అది ఏ పిన్నీసుకీ అందదు. లారీ కొద్దిగా, చాలా కొద్దిగా, ఎడమకి లాగింది. పావు గ్రాము తేడా వస్తే తక్కెడ సీజు చేసే మనిషి ఇప్పుడేమంటాడో అని బిక్కచచ్చిపోయాను.

“సూటిగా పోతోందా బావగారూ?” అని రత్నం అడిగాడు.

చిదంబరంగారి వేలికి ఆ లాగుడు తెలిసింది. పక్కన కూర్చున్న భార్యని చూశారు. ఆవిడ తెర మీద గేదెని చూపించి హారను కొట్టమంటున్నారు.

“సూటిగానే పోతోందయ్యా,” అన్నారాయన.

ఆ రోజు ఆయన చేతికి మొదటిసారి చెమట పట్టింది. తరవాతి దసరాకి బొట్టు నా అట్టపెట్టెకే పెట్టారు. ఇప్పటికీ రోజూ సాయంత్రం కాలవగట్టు మీద చెరుకు లారీ వెళ్తూనే ఉంది. కాలవలో పడలేదు. ఆయన బొటనవేలు నా మీటని కాస్త కుడికి పట్టే ఉంచుతుంది, దాని గురించి ఆయన ఎక్కడా రాయలేదు.