నాలుగో దెబ్బ

ఆ అట్టపెట్టెల ఫ్యాక్టరీలో మిషన్లకు జబ్బు చేస్తే చూసే మనిషిని అందరూ డాక్టరమ్మ అనేవారు. ఆవిడ చదివింది రెండేళ్ల మెకానిక్ కోర్సు. స్టెతస్కోపు బదులు ఓ పొడుగాటి స్క్రూడ్రైవరు ఉండేది. దాని మొన మిషన్‌కు ఆనించి, పిడి చెవి దగ్గర పెట్టుకుని, కళ్లు మూసుకుని వినేది. లోపల ఏ బేరింగు మూలుగుతోందో, ఏ బెల్టు అలిగి కూర్చుందో ఇట్టే చెప్పేసేది. ఇరవై రెండేళ్లుగా ఆవిడ బతుకంతా చప్పుళ్లను వెతికి పట్టుకుని నోరు మూయించడంతోనే సరిపోయింది. మిషన్ కిక్కురుమనకుండా పని చేసుకుపోతే ఆ పూట ఆవిడ రెండు ముద్దలు ఎక్కువ తినేది.

అలాంటి మనిషి కడుపున దేవుడు ఎలాంటి పిల్లను వేశాడో చూడండి. పుడుతూనే ఆసుపత్రి కప్పు ఎగిరిపోయేలా ఏడ్చిందట. నర్సులు చెవులు మూసుకున్నారట. తల్లి ముద్దుగా రొద అని పిలిచింది, ఆ పిలుపే ఇంట్లో స్థిరపడిపోయింది. పెద్దయ్యాక రొద పాటలు పాడటం మొదలుపెట్టింది. పాటంటే వీణా తంబూరా అనుకునేరు! డ్రిల్లింగ్ మిషన్ గోల, లిఫ్టు తలుపులు దబాల్న మూసుకునే మోత, కంప్యూటర్లో పుట్టించిన బుసలూ ఉరుములూ, వాటి మీద ఎలక్ట్రిక్ గిటారు. ఆ సంతలోంచి, స్నానం చేస్తూ ఎవరైనా కూనిరాగం తీసుకోగలిగేంత తేలికైన పాట ఒకటి పైకి లేచేది.

మూడేళ్ల కిందట తన మొదటి పాట తల్లికి వినిపించింది. డాక్టరమ్మ హెడ్‌ఫోన్లు పెట్టుకుని, అలవాటుగా కళ్లు మూసుకుని, సాంతం విన్నది. విని, "బేరింగు పోయిందే దీనికి. రిపేరుకి పంపించు" అంది. ఇంట్లో అందరూ పొట్ట చెక్కలయ్యేలా నవ్వారు. రొద కూడా నవ్వింది. కానీ ఆ తరవాత ఇంకే పాటా తల్లికి వినిపించలేదు. కాలు జారితే తీసుకోవచ్చు గానీ నోరు జారితే తీసుకోలేమని డాక్టరమ్మకు మెల్లగా తెలిసొచ్చింది. ఎన్నిసార్లు "కొత్తగా ఏమన్నా పాడావా?" అని అడిగినా, "నీకు నచ్చవులేమ్మా" అని పిల్ల మాట తప్పించేది. ఆ మాట విన్న ప్రతిసారీ ఆ తల్లికి గుండెల్లో ముల్లు గుచ్చుకున్నట్టుండేది.

అందుకే ఒకరోజు రొద తనంతట తానే వచ్చి పక్కన కూర్చునేసరికి డాక్టరమ్మ చేతిలో పని వదిలేసింది.

"అమ్మా, నా మొదటి ఆల్బమ్ అయిపోవచ్చింది. తొమ్మిది పాటలు. ఎనిమిది పూర్తయ్యాయి. తొమ్మిదోదానికి మీ ముసలమ్మ చప్పుడు కావాలి."

ముసలమ్మ అంటే ఫ్యాక్టరీలో అన్నిటికన్నా పాత మిషన్. అట్టలను పెట్టె ఆకారానికి దెబ్బకొకటి చొప్పున కోసి పడేస్తుంది. తల్లి ఇంట్లో మరిచిపోయిన క్యారేజీ ఇవ్వడానికి వెళ్లినప్పుడల్లా రొద దాని దగ్గరే నిలబడిపోయేది.

"ఆదివారం వచ్చి రికార్డు చేసుకుంటాం. సోమవారం పొద్దున్నే ఆల్బమ్ కంపెనీకి ఇచ్చెయ్యాలి. మీ సారుని అడుగుతావా?"

అడగడమేమిటి, డాక్టరమ్మ సూపర్‌వైజర్ను పీక్కుతిని ఆదివారం తొమ్మిది నుంచి పన్నెండు దాకా అనుమతి పుచ్చుకుంది. తన మిషన్ తన బిడ్డ పాటలోకి వెళ్తోంది! ఆ సంతోషంలో కాలు నేల మీద నిలవలేదు. శనివారం షిఫ్టు అయ్యాక కూడా ఉండిపోయి, ముసలమ్మను పెళ్లికూతుర్ని చేసింది. అరిగిన బుష్షు మార్చింది. అట్టలను లాక్కెళ్లే పాత గొలుసు పీకేసి కొత్తది వేసింది. పక్కన గలగలలాడే రేకు బోల్టులు బిగించింది. ప్రతి కీలుకీ గ్రీజు పట్టించింది. స్విచ్ వేసి చూస్తే ముసలమ్మ పిల్లిలా నడిచింది. ఆ రాత్రి డాక్టరమ్మ హాయిగా నిద్రపోయింది.

ఆదివారం తొమ్మిదింటికల్లా రొద వచ్చింది. వెంట రికార్డింగ్ చేసే ఆయన. తెల్లచొక్కా, బట్టతల, దాని మీద రెండు గిన్నెలంత హెడ్‌ఫోన్లు. చూడగానే డాక్టరమ్మ ఆయనకు మనసులో చెవులపిల్లి అని పేరు పెట్టేసింది. సూపర్‌వైజర్ గుమ్మం దగ్గర కుర్చీ వేసుకుని, గడియారం చూసుకుంటూ కూర్చున్నాడు. మైకులు నిలబెట్టారు. రొద తలూపింది. డాక్టరమ్మ స్విచ్ నొక్కి, మార్కుల కోసం చూసే పిల్లలా కూతురి మొహంలోకి చూసింది.

ముసలమ్మ మెత్తగా, నున్నగా, ఒకే లెక్కన నడిచింది.

రొద మొహంలో రంగు మారింది. వెంటనే సర్దుకుని, "బాగుందమ్మా. చాలా బాగుంది" అంది.

జానెడు ఇనుము అవతల ఏ బేరింగు ఏడుస్తోందో వినగలిగిన మనిషికి కన్నకూతురి గొంతులో ఏడుపు వినిపించదా? డాక్టరమ్మ స్విచ్ ఆపేసింది.

"అబద్ధం. ఏమైందో చెప్పు."

"ఏం లేదులే..."

"చెప్తావా లేదా?"

"ఇది కాదమ్మా చప్పుడు." రొద అక్కడున్న ఇనుప బల్ల మీద అరచేత్తో కొట్టి చూపించింది. దబ్, దబ్, దబ్. అప్పుడు ఒక ఊపిరంత ఆగి, దబ్. "మూడు దెబ్బలు సరిగ్గా పడేవి. నాలుగోది ఆలస్యంగా పడేది. పాటంతా దాని చుట్టూనే కట్టుకున్నాను. నేనే నీకు ముందు చెప్పాల్సింది. మళ్లీ ఏమంటావోనని చెప్పలేదు."

డాక్టరమ్మకు పై ప్రాణాలు పైనే పోయాయి. ఆ కుంటినడక గొలుసుది. ఒక లింకు సాగింది. అది పళ్లచక్రం మీదికి వచ్చినప్పుడల్లా మిషన్ తడబడేది. ఆ గొలుసునే కదా నిన్న తన చేతులతో పీకి పారేసింది! వినాయకుణ్ణి చేయబోతే కోతి అయింది. ఇన్నాళ్లకు పిల్ల నోరు తెరిచి ఒక్కటంటే ఒక్కటి అడిగితే, దాని గొంతే పిసికేసింది.

"కంప్యూటర్లో నాలుగో దెబ్బని కాస్త వెనక్కి జరుపుదామా?" అన్నాడు చెవులపిల్లి.

"వేరే చప్పుళ్లతో చేసి చూశాం కదండీ. అది కుంటదు, కుంటుతున్నట్టు నటిస్తుంది" అంది రొద.

"అయినా ఆ కుంటిది నీకెందుకే అంత నచ్చింది?" అంది డాక్టరమ్మ, నీరసంగా.

రొద తల దించుకుంది. "నువ్వు పని నుంచి వచ్చి మెట్లెక్కుతావు కదా. మూడు మెట్లెక్కేసరికి మోకాలు పట్టేస్తుంది. ఆగుతావు. అప్పుడు నాలుగోది ఎక్కుతావు. చిన్నప్పటి నుంచీ తలుపు వెనక నిలబడి అదే వినేదాన్ని. పాట దాని మీదేనమ్మా."

డాక్టరమ్మ తన మోకాలి వంక చూసుకుంది. తరవాత, "నా మోకాలి మీద పాట రాశావటే!" అంది. అని ఫక్కున నవ్వింది. నవ్వుతోంటే కళ్లలో నీళ్లు తిరిగాయి. గ్రీజు చేత్తో తుడుచుకునేసరికి బుగ్గ మీద నల్లటి మీసం మొలిచింది. "లేవండి! తుక్కు లారీ వచ్చేది రేపు. గొలుసు ఇంకా పెరట్లోనే ఉంటుంది."

ఉంది. కానీ ఒకటి కాదు, తుక్కు కుప్పలో అలాంటివి ఏడున్నాయి. ఏడూ జిడ్డోడుతూ, ఏడూ ఒకే పొడవున, కవల పిల్లల్లా ఉన్నాయి. ఒక్కోదానికి నూటికి పైగా లింకులు. డాక్టరమ్మ కొలత పరికరం పట్టుకుని నేల మీద చతికిలబడి, ఒక్కో లింకూ కొలవడం మొదలుపెట్టింది. మొదటి గొలుసు పూర్తయ్యేసరికే ఇరవై నిమిషాలు పోయాయి. పది దాటింది. ఇలాగైతే ఏడూ తెమిలేసరికే పన్నెండు దాటుతుంది.

రొద చూసి చూసి, ఒక గొలుసును రెండు చేతులా ఎత్తి, కళ్లు మూసుకుని, చెవి దగ్గర ఆడించింది. కింద పెట్టింది. ఇంకోటి ఎత్తింది. చెవులపిల్లి కూడా చొక్కా సంగతి మరిచిపోయి కుప్పలో దిగి అందించడం మొదలుపెట్టాడు. ఐదోదాన్ని రొద రెండుసార్లు ఆడించింది.

"ఇది."

"ఎలా చెప్పగలవే?"

"ఒకచోట మాట తడబడుతోంది."

డాక్టరమ్మ నమ్మకం లేకుండానే కొలిచింది. అరవై మూడో లింకు దగ్గర ఆవిడ చెయ్యి ఆగింది. లింకు సాగి ఉంది. కొలత చూసింది, కూతుర్ని చూసింది. కళ్లు మూసుకుని, తల కొంచెం ఎడమకు వంచి వినడం, అది ఎవరి అలవాటో ఆవిడకు ఎవరూ చెప్పక్కర్లేదు. తల్లి చాలు పిల్లకు తప్పుతుందా! ఈ పిల్ల చెవి తన చెవే. తను మూడేళ్ల కిందట వెక్కిరించింది తన చెవినే.

"నాకన్నా నువ్వే నయమే తల్లీ" అంది పైకి. రొద చెవుల దాకా ఎర్రబడింది.

ఇక చూడాలి ఆ హడావిడి. శనివారం కట్టినదంతా డాక్టరమ్మ ఆదివారం విప్పింది. పాత గొలుసు ఎక్కించింది. స్విచ్ వేసింది.

"ఎక్కువైందమ్మా. తాగొచ్చినట్టు నడుస్తోంది!"

గొలుసు మర పావు చుట్టు బిగించింది.

"ఇప్పుడు మరీ బుద్ధిమంతురాలైపోయింది!"

వెంట్రుకవాసి వదులు చేసింది.

"ఆఁ! ఆ పక్కన రేకు గలగలలాడేది. అదీ కావాలి!"

డాక్టరమ్మ రేకు బోల్టులు రెండు వదులు చేసింది. సర్వీసులో చేరాక ఆవిడ ఒక బోల్టును కావాలని వదులు చెయ్యడం అదే మొదలు. సూపర్‌వైజర్ కుర్చీలోంచి లేచి వచ్చాడు.

"ఏంటి డాక్టరమ్మా, బాగున్న మిషన్ని పాడు చేస్తున్నారా?"

"లేదు సార్. శ్రుతి చేస్తున్నాను. రేపు షిఫ్టు మొదలయ్యేలోపు మళ్లీ బాగుచేసి పెడతా."

పదకొండు నలభైకి ముసలమ్మ మళ్లీ తన నడక నడిచింది. దబ్, దబ్, దబ్, ఊపిరి, దబ్. పక్కన రేకు చిన్నగా గలగలమంది. చెవులపిల్లి హెడ్‌ఫోన్లు సవరించుకుని బొటనవేలు ఎత్తాడు. తను చెయ్యెత్తగానే స్విచ్ ఆపమని తల్లికి చెప్పి, రొద మైకు ముందు నిలబడింది. ముందుగా చేసి తెచ్చిన గిటార్లూ కంప్యూటరు మోతలూ తను పెట్టుకున్న హెడ్‌ఫోన్లలోనే మోగుతున్నాయి. బయటికి వినిపించేది మిషన్, గొంతు. ఆ రెండే.

*మూడు మెట్లెక్కి ఆగుతావు,*
*నాలుగోది నేనెక్కనా?*

మొదట నెమ్మదిగా పాడింది. తరవాత ఇనుముతో పోటీపడి గొంతెత్తింది. నాలుగో దెబ్బ ఆగిన ప్రతిచోటా ఆ సందులోకి ఆమె గొంతు దూరి, దెబ్బ పడేదాకా మిషన్‌ను చెయ్యి పట్టుకుని నడిపించినట్టుండేది. అంత ఇనుప గోలలోనూ అది పండగలాంటి పాట. చెవులపిల్లి పాదం తాళం వేస్తోంది. సూపర్‌వైజర్ తల కూడా తనకు తెలియకుండానే ఊగుతోంది.

ఇప్పుడా ఆల్బమ్ విన్నవాళ్లంతా, చివరి పాట అయిపోయిందనుకున్నాక మిషన్ ఎందుకు ఆగదనీ, మధ్యలో ఆ ఆడమనిషి కేక ఎవరిదనీ అడుగుతుంటారు. ఎవరూ కావాలని పెట్టింది కాదు. జరిగింది ఇది.

పాట అయిపోయింది. రొద చెయ్యెత్తింది. మిషన్ ఆగలేదు. చెయ్యి ఇంకా పైకెత్తి ఊపింది. ఆగలేదు. తిరిగి చూస్తే, తల్లి స్విచ్ మీద చెయ్యేసి, కళ్లు మూసుకుని, తల ఎడమకు వంచి నిలబడి ఉంది. బుగ్గ మీది నల్లమీసం కన్నీళ్లకు జారి గడ్డం దాకా వచ్చింది. మిషన్ ఆపడంలో ఏనాడూ ఒక్క క్షణం ఆలస్యం చెయ్యని మనిషి, ఆపడం మరిచిపోయింది.

రొద ఎత్తిన చెయ్యి అలాగే ఉండిపోయింది.

డాక్టరమ్మ కళ్లు తెరిచింది. మిషన్ మోతను మించి వినపడేలా అరిచింది: "ఇంకోసారి పాడవే!"

సూపర్‌వైజర్ గడియారం చూపిస్తూ దగ్గరికొచ్చాడు. "పన్నెండైంది డాక్టరమ్మా. ఆపెయ్యండి."

"ఉండండి సార్" అంది ఆవిడ, కూతురి మీద నుంచి చూపు తిప్పకుండా. "మా పిల్ల పాడుతోంది."