చెరకు కింద నేల

నిజామాబాద్‌లోని ఒక సర్వే ఆఫీసులో రుచిత చేసే పని చెప్పుకోవడానికి చిన్నదే. ఉపగ్రహం తీసిన ఫొటోలను బట్టి ఏ చోటు ఎంత ఎత్తులో ఉందో కంప్యూటర్ ఒక పటం గీస్తుంది. ఆ పటం నిజం చెబుతోందో, కోతలు కోస్తోందో జీపీఎస్ పట్టుకుని నేల మీద కొలిచి తేల్చాలి.

ఈసారి తేల్చాల్సింది రెంజల్ దగ్గర ఒక ఊరి సంగతి. గోదావరి పొంగితే ఆ ఊళ్లో ఒక వాడ మునుగుతుంది. వాడ వాళ్లకు ఇళ్ల స్థలాల కోసం ఊరి బయట చెరకు చేను చూశారు. పటం ప్రకారం ఆ చేను రోడ్డు కంటే రెండు మీటర్లు ఎత్తు. రోడ్డు దాకా నీళ్లొచ్చినా ఇళ్లకు ఢోకా ఉండదు. పటం నమ్మదగినదని రుచిత రాసిస్తే ప్లాట్లు పంచేస్తారు.

డిసెంబరులో ఆమె వెళ్లి రోడ్డు మీద, కాలువ గట్టు మీద, చర్చి ముందు కొలిచింది. ప్రతిచోటా పటమూ జీపీఎస్సూ ఒకే మాట మీద ఉన్నాయి. చెరకు లోపలికి మాత్రం అడుగు పెట్టలేదు. పెట్టేవాళ్లెవరు? ఆకు చేతులను కోసేస్తుంది, పైన ఆకాశం కనబడక జీపీఎస్ మొరాయిస్తుంది, లోపల అడవి పందులున్నాయంటే కాదని వెళ్లి చూసే ధైర్యం ఎవరికీ లేదు. రోడ్డు మీద కొలిచి చేను లెక్క కూడా సరేననుకోవడం చెరకు పండే తట్టున సర్వేయర్లకు అలవాటే. రుచితా అలాగే అనుకుని నివేదిక రాసి పెట్టింది.

ఫిబ్రవరిలో మహారాష్ట్ర కూలీలు వచ్చి ఆ చెరకు నరికేశారు. ప్లాట్లకు హద్దులు చూడమని రుచితను మళ్లీ పంపారు. వాడలో ఉండే గ్రేస్ కూడా వెంట వచ్చింది. కూలి పనులు చేసుకునే గ్రేస్‌కు మూలప్లాటు వస్తుందని చెప్పారు. తలుపు ఎటు పెట్టాలో, పొయ్యి ఎక్కడ వెయ్యాలో ఆమె అప్పుడే చూసేసుకుంటోంది.

రుచిత చేను నడిమధ్య జీపీఎస్ నిలబెట్టింది. రోడ్డు కంటే ముప్పావు మీటరు తక్కువ అని చూపించింది. నమ్మక ఇంకో మూలకు వెళ్లి కొలిచింది. అక్కడా అంతే. పటం చెప్పిన ఎత్తుకూ ఈ నేలకూ ఉన్న తేడా ఎదిగిన చెరకు ఎత్తంత ఉంది. ఉపగ్రహం నేలను చూడనే లేదు. నిలబడ్డ చెరకు తలలు చూసి అదే నేల అనుకుంది. తానూ దానికి వంత పాడినందుకు రుచితకు సిగ్గేసింది.

ఆఫీసులో పెద్ద సారు రవీందర్‌కు ఫోన్ చేసింది. రోడ్డు మీది కొలతలు సరిపోయాయి కదా, అవే ఉంచెయ్యమన్నాడాయన. ఈ స్థలం పోతే ఇంకొకటి దొరికేసరికి ఏళ్లు పడతాయని కూడా అన్నాడు. అందులో అబద్ధం లేదు. అయినా మునిగే చేలో ఇళ్లు కట్టుకోమని తన చేత్తో రాసివ్వలేనని రుచిత చెప్పేసింది.

గ్రేస్‌కు ఆ సంగతి చెప్పడం ఫోన్‌లో చెప్పినంత సులువు కాలేదు. గ్రేస్ మొత్తం విన్నది. పొయ్యి అనుకున్న చోటు నుంచి పక్కకు జరిగి నిలబడింది. కోప్పడలేదు. తన ఇల్లు కూడా ఒకసారి కొలవమని అడిగింది.

వాడకు నడిచి వెళ్లారు. రేకుల ఇల్లు. గోడల మీద కిటికీ దాకా పాత వరద చార. రుచిత గడప ముందు జీపీఎస్ పెట్టి, అంకెలు నిలకడ అయ్యేదాకా ఆగింది.

"ఎంతొచ్చింది బిడ్డా?"

"ఇది చెరకు చేను కన్నా మీటరు కిందున్నది అక్కా."

గ్రేస్ తల ఊపింది.

"గా జాగ మునుగుతదని రద్దు చేపిస్తున్నవ్. మంచిదే. మరి దీన్ని ఎవ్వరు రద్దు చేస్తరు?"